రాక్‌సాల్ట్ పేజీ తుడిచేసిన శనివారం

ఆ శనివారం రోస్కో పెట్వే పెట్టుకున్న పనులు మూడే. ఫోనులో కాస్త చోటు చేసుకోవాలి, క్షవరం చేయించుకోవాలి, మూడు గంటలకల్లా చర్చి నేలమాళిగకు చేరాలి. అక్కడ వాళ్ళమ్మ లూరీన్ డెబ్బై అయిదో పుట్టినరోజు.

ఫోను సంగతి ఆవిడ పెట్టిన షరతు. "పోయినేడు కొవ్వొత్తులు ఊదేలోపే నీ ఫోను నిండిపోయింది. ఈసారి వీడియోలో కేకు కనపడాలి, నేను కనపడాలి, నా పక్కన ఒడెస్సా కనపడాలి. ముందు ఆ చెత్తంతా తీసేయ్ నాయనా."

ఒడెస్సా ఫెయిర్లీ చర్చి పాటల బృందంలో ముప్ఫై ఏళ్ళుగా లూరీన్ పక్కన నిలబడి పాడుతోంది. ఆవిడ కొడుకు డెస్మండ్‌కీ రోస్కోకీ మాత్రం పంతొమ్మిదేళ్ళుగా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. ఇద్దరూ ప్రాసలు కట్టి పాడే ర్యాపర్లే. వాళ్ళుండే బ్రాంక్స్ పేటలో రోస్కోని రాక్‌సాల్ట్ అంటారు, డెస్మండ్‌ని మేజర్ ఫ్లింట్ అంటారు. బ్రాంక్స్ బిడ్డనని గుండెలు బాదుకునే ఫ్లింట్ నిజానికి పొలిమేర దాటి యాంకర్స్ అనే పక్క ఊరి ఆసుపత్రిలో పుట్టాడని రోస్కో ఒక పాట కట్టాడు. పాటల్లో ఖరీదైన కార్లు నడిపే రాక్‌సాల్ట్ లైసెన్సు పరీక్ష నాలుగుసార్లు తప్పి బస్సులో తిరుగుతాడని డెస్మండ్ జవాబు పాట కట్టాడు. రెండూ నిజాలే కాబట్టి గొడవ చల్లారలేదు.

చివరికి తల్లులిద్దరూ కలిసి మొన్న జనవరిలో కొడుకులని చర్చి గదిలో పెట్టి, చేతులు కలిపేదాకా తలుపు తీయలేదు. ఇద్దరూ మొదటిసారి ఒకే బల్ల దగ్గర కూర్చోబోవడం ఈ పుట్టినరోజుకే. లూరీన్ తన చేత్తో పేర్లు రాసి రెండు కుర్చీలు పక్కపక్కన వేయించింది. కొడుకుని ఆవిడ అడిగిన కానుక అదొక్కటే.

పొద్దున వంటింట్లో కూర్చుని రోస్కో ఫోను తీశాడు. కళ్ళద్దాలు నెత్తిమీదే ఉన్నాయి. కనిపించిన బొమ్మలన్నీ ఎంచి నొక్కాడు. ఖాయమేనా అని ఫోను అడిగింది. అవునన్నాడు. మళ్ళీ అడిగింది. చిరాకుపడి గట్టిగా నొక్కాడు. అంతలో చార్జి అయిపోయి ఫోను ఆరిపోయింది. దాన్ని గోడకు తగిలించి, పనయిపోయిందనుకుని మంగలిషాపుకి బయల్దేరాడు.

అతను తుడిచింది ఫోనులో దాచుకున్న ఫోటోలు కాదు. ఇంటర్నెట్‌లో నలభై వేల మంది చూసే తన పేజీని. ర్యాపర్ల లోకంలో ఒకడు ఉన్నట్టుండి పేజీ ఖాళీ చేశాడంటే దానికి అర్థం ఒకటే. ఎవరిమీదో తిట్టుపాట సిద్ధంగా ఉంది, కాచుకోమని. రోస్కో వీధి చివరికి చేరేలోపే ఈ కబురు బ్రాంక్స్ అంతా పాకిపోయింది.

మంగలిషాపులో అడుగుపెట్టగానే తలలన్నీ అతని వైపు తిరిగాయి. మంగలి జూనియస్ అతనికి గుడ్డ కప్పుతూ గొంతు తగ్గించి అడిగాడు. "అంతా తీసేశావటగా అన్నా?"

వీడికెలా తెలిసిందా అనుకుని, అమ్మే చెప్పి ఉంటుందని సరిపెట్టుకున్నాడు రోస్కో. "తీసేశా. ఏళ్ళ తరబడి చెత్త పేరుకుపోయింది."

"మరి ఫ్లింట్?"

"మూడింటికి చర్చికి వస్తాడుగా."

"అక్కడేమైనా చెప్తావా?"

"మైకు పట్టుకుని మరీ చెప్తా. రాత్రే రాసుకున్నా."

రాసుకున్నది అమ్మకు శుభాకాంక్షలు. ఆ ముక్క ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. జూనియస్ ఆ తలని యుద్ధానికి పంపుతున్నట్టు గంటసేపు చెక్కాడు. వెనక కుర్చీల్లోని వాళ్ళు అప్పటికే 'మూడు గంటలకు, చర్చిలో' అని ఊరందరికీ చాటేశారు.

ఇంటికొచ్చి ఫోను తెరిస్తే ఆరువందల పన్నెండు సందేశాలు. రోస్కోకి అప్పుడు విషయం అర్థమైంది. 'పొరపాటున తుడిచేశాను, ఏ పాటా లేదు' అని పేజీలో రాశాడు. 'ఏం ఎత్తు వేశావన్నా' అని క్షణాల్లో జవాబులొచ్చాయి. డెస్మండ్‌కి తొమ్మిదిసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. యుద్ధంలో ఉన్నవాడు ఎత్తడు, ఆ పద్ధతి రోస్కోకీ తెలుసు.

పదకొండింటికి లూరీన్ ఫోన్ చేసింది. "ఒడెస్సా ఇప్పుడే మాట్లాడింది. తన కొడుకుని తిట్టే చోటికి తన కొబ్బరి కేకు రాదంది."

"అమ్మా, ఫోను ఖాళీ చెయ్యమంది నువ్వే."

"ఫోను ఖాళీ చెయ్యమన్నాను. యుద్ధం చెయ్యమన్నానా?" మళ్ళీ తనే మెల్లగా అడిగింది. "ఆ రెండో కుర్చీ తీయించేయమంటావా?"

పంతొమ్మిదేళ్ళలో డెస్మండ్ ఎన్ని అన్నా రోస్కోకి ఇంత బాధ కలగలేదు. "ఉండనీ అమ్మా," అన్నాడు.

బస్సు దిగేసరికి చర్చి ముందు రెండొందల మంది. నేలమాళిగ మెట్ల దాకా ఫోన్లు పైకెత్తి నిలబడ్డారు. లోపల ఊదారంగు టోపీ పెట్టుకున్న లూరీన్ కొడుకు వైపు చూడలేదు. బల్లమీద కేకు ఉండాల్సిన చోట ఖాళీ పళ్ళెం ఉంది. మూడు కొట్టింది. రోస్కో మైకు అందుకుని కాగితం మడత విప్పాడు.

అప్పుడు జనం పక్కకు తొలిగారు. ఒడెస్సా కేకుతో మెట్లు దిగింది. వెనక డెస్మండ్, టోపీ చేతిలో పట్టుకుని.

"నీకెవరు చెప్పారు రోస్కో?" అన్నాడు డెస్మండ్.

"ఏంటి చెప్పేది?"

"నాటకాలాడకు. నీమీద మార్చిలో కట్టిన పాట సంగతి. చేతులు కలిపి రెండు నెలలైనా కాలేదు, సిగ్గుమాలిన పని. వచ్చే శుక్రవారం వదులుదామనుకున్నా. పొద్దున నీ పేజీ ఖాళీగా కనపడగానే, ఎవడో నీకు ఉప్పందించాడని అర్థమైంది. ఆపేయించా. తప్పు నాదే."

"ఒంటిగంటకి నా దగ్గర నిజం కక్కాడు," అంది ఒడెస్సా, కేకు పళ్ళెంలో పెడుతూ. "అప్పటిదాకా నీ కొడుకునే తిట్టిపోస్తున్నాను లూరీన్. ఏమనుకోకు."

"పాటలో ఏముంది?" అనడిగాడు రోస్కో.

"బస్సే. ఈసారి నంబరుతో సహా."

అసలు సంగతి చెప్పేద్దామని రోస్కో నోరు తెరిచాడు. ఊదా టోపీ కింద నుంచి వాళ్ళమ్మ ఒక చూపు చూసింది. చిన్నప్పుడు ప్రార్థన మధ్యలో నవ్వొస్తే చూసే చూపది. రోస్కో నోరు మూసుకున్నాడు. పొద్దుటి నుంచి గుండెమీదున్న బండరాయి దిగిపోయినట్టయింది.

"పోనీలేరా. కూర్చో, నీ కుర్చీ ఇదే," అన్నాడు.

తర్వాత మైకులో కాగితం చదివాడు. అమ్మా, నువ్వు చల్లగా ఉండాలి, అని నాలుగు మాటలు. తిట్లకోసం చెవులు రిక్కించిన రెండొందల మంది ఒక క్షణం తెల్లబోయి, ఆపైన పైకప్పు ఎగిరిపోయేలా చప్పట్లు కొట్టారు. లూరీన్ కళ్ళు తుడుచుకుని కొవ్వొత్తులు ఊదింది. రోస్కో ఫోను ఎత్తితే చోటు లేదంది, దాచుకున్న ఫోటోలన్నీ అందులో భద్రంగా ఉన్నాయి మరి. అయినా ఇబ్బంది లేకపోయింది. కేకు, లూరీన్, ఒడెస్సా, పక్కపక్కన ఇద్దరు కొడుకులు రెండొందల వీడియోల్లో స్పష్టంగా కనపడ్డారు.

సాయంత్రం మంగలిషాపులో జూనియస్ తీర్పు చెప్పాడు. పంతొమ్మిదేళ్ళలో రాక్‌సాల్ట్ ఒక్క ప్రాసైనా కట్టకుండా గెలిచిన పోటీ అదొక్కటే.