ఫాల్తు నర్సింగం

ఆ ఉదయం పనికి పోకూడదని నర్సింగం నిర్ణయించుకున్నాడు. ముందురోజు మరమగ్గాల షెడ్డులో అందరూ ఫోటో దిగుతుంటే, మేస్త్రీ తన ఫోన్ అతని చేతిలో పెట్టి, "నువ్వు తియ్యి. ఫాల్తుగున్నది నువ్వే గద!" అన్నాడు. తెగి కిందపడ్డ దారాన్నీ అక్కడ ఆ మాటే అంటారు. ఉన్నా లేకున్నా ఒకటేనని అర్థం. మాట రాత్రంతా గుచ్చుకుంది. తాను కనిపించకపోతే ఒక్కరైనా అడుగుతారో లేదో తేల్చుకోవాలని నర్సింగం ముసుగుతన్ని పడుకున్నాడు.

సూరత్‌లోని గోడాదరాలో అతనుండే గదిలో మంచం ఒకటి, మనుషులు ఇద్దరు. పగటి పాళీ పనికి నర్సింగం లేచి వెళ్లాక, రాత్రి పాళీ పని ముగించుకుని రెండో ఆయన వచ్చి పడుకుంటాడు. గడప దగ్గర ఎదురుపడితే తలలూపుకోవడమే వాళ్ల స్నేహం. ఆ వేళ ఆయన వచ్చి, మంచం మీద మనిషిని చూసి బిత్తరపోయాడు.

"ఏందే, పనికి పోలే? పానం బాగలేదా?"

ఆ ప్రశ్న ఎంత హాయిగా ఉందంటే, ఇంకోసారి అడిగించుకోవాలని నర్సింగం ఊపిరి బిగబట్టాడు. ఆయన కుదిపి చూశాడు. ముసుగు మీదనుంచే గుండెకు చెవి ఆనించాడు. ఏళ్ల తరబడి మగ్గాల మోతకు మొద్దుబారిన చెవికి గుండె చప్పుడెక్కడ వినిపిస్తుంది!

"ఓ కొమురవ్వా! పగటి పాళీ ఆయన సచ్చిపోయిండే!"

కింద మెస్సు నడిపే కొమురవ్వ గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది. వెనకే గల్లీ అంతా గదిలో పడింది. ఇప్పుడు లేస్తే తన్నులు తప్పవు, లేవకపోతే పాడె తప్పదు. నర్సింగం ఎటూ తేల్చుకోలేకపోయాడు. అంతలో కొమురవ్వ తలాపున కూర్చుని, ఊళ్లో ఏడ్చినట్టే రాగం తీసి, పోయినవాని గుణాలు చెప్పుకుంటూ ఏడవసాగింది.

"నా కొడకో! కూరల ఉప్పెక్కువైనా ఒక్క మాటనకపోతివి కొడకో!"

ముసుగు కింద నర్సింగం కళ్లు నిండాయి. సూరత్ వచ్చాక తన గురించి ఎవరైనా ఇంతసేపు మాట్లాడటం ఇదే మొదలు. చావు ఇంత బాగుంటుందని అతను అనుకోలేదు.

"యాడికి పోతివి నా రాజనర్సూ!"

నర్సింగం దిగ్గున లేచి కూర్చున్నాడు. "రాజనర్సు ఎవడే? నేను నర్సింగాన్ని!"

క్షణంలో గది ఖాళీ అయింది. మెట్ల మీద నుంచి కొమురవ్వ మాత్రం అరిచింది. "ఫాల్తుగ ఏడిపిస్తివి గదరా! పొయ్యి మీద పప్పు మాడింది!"

రాత్రి పాళీ ఆయన ఒక్కడే మిగిలి, మంచం అంచున కూర్చున్నాడు. నర్సింగానికి ఏడుపు ఆగలేదు.

"సూసినవా అన్నా? రోజూ అన్నం పెట్టే మనిషికి నా పేరే తెల్వది."

ఆయన మొహమాటంగా అడిగాడు. "తమ్మీ, రేపు నేను గిట్లనే పండుకుంట. కొమురవ్వకు జర నా పేరు ముందుగాలనే చెప్పిపెడ్తవా?"

నర్సింగం ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "తప్పకుంట చెప్త. ఇంతకీ నీ పేరేందన్నా?"