దేవకుమార్ పెరట్లో నాగుపాము

రేపు చర్చిలో ఆరాధన అయ్యాక సంఘ పెద్ద ఎన్నిక. పదేళ్లుగా ఆ కుర్చీ కోసం తపిస్తున్న దేవకుమార్, ఈ మధ్యాహ్నం ఆష్‌బర్న్‌లోని తన ఇంటి పెరట్లో తెలుగు సంఘానికంతా చికెన్ కాల్చిపెట్టాలని సంకల్పించాడు. పరిశుద్ధమైన ఆలోచనే. పొద్దున్నే వెళ్లి గ్రిల్ మీది కవర్ లాగాడు. కింద నుంచి ఒక పాము బుస్సుమంటూ తలెత్తి మెడ వెడల్పు చేసింది.

"జ్ఞానమ్మా! నాగుపాము!"

"అమెరికాలో నాగుపామెక్కడిదండీ?" వంటింటి కిటికీలోంచి భార్య అంది.

"పడగ కనబడట్లేదా? అవనిగడ్డలో పుట్టినోణ్ణి, పాముల గురించి నాకు చెప్తావా!"

అవనిగడ్డలో పుట్టిన మాట నిజమే. అక్కడ పాము కనబడినప్పుడల్లా మంచమెక్కిన సంగతి మాత్రం ఆయన ఏనాడూ చెప్పుకోలేదు. ఇక్కడ మంచం లేదు కనుక బల్ల ఎక్కి, "యేసు నామంలో గద్దిస్తున్నా, పో!" అని కేక పెట్టాడు.

పాము పోలేదు. గిలగిల కొట్టుకుని, వెల్లకిలా పడి, నోరు తెరిచి నాలుక వేలాడేసింది.

దేవకుమార్‌కే నమ్మశక్యం కాలేదు. నమ్మకం కుదరగానే ఫొటో తీసి సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాడు: "ప్రార్థనాశక్తితో కింగ్ కోబ్రా మృతి. ప్రైజ్ ద లార్డ్!"

మధ్యాహ్నం రావలసిన సంఘం పదింటికే దిగింది. ఎన్నికలో ఆయన ఏకైక ప్రత్యర్థి షాలేం రాజు చేతులు జోడించాడు.

"బ్రదర్, మీ మీద పోటీ ఏంటి! నేను తప్పుకుంటున్నా."

దేవకుమార్ వినయంగా తల వంచుకున్నాడు. ఆ వినయం అద్దంలో ప్రాక్టీస్ చేసిందే.

ఇంతలో స్కూల్లో బయాలజీ చెప్పే జోసఫిన్ పట్టకారుతో పామును మెల్లగా బోర్లా తిప్పింది. పాము టక్కున మళ్లీ వెల్లకిలా తిరిగింది.

"అంకుల్, చచ్చిన పాము తిరగదు. ఇది హాగ్‌నోస్. మనుషులకి డేంజర్ లేదు. ముందు కోబ్రాలా మెడ చాపి బెదిరిస్తది. మనం పోకపోతే చచ్చినట్టు యాక్ట్ చేస్తది. చావంటే వెల్లకిలా పడుకోవడమేనని దాని లెక్క, పాపం."

అందరూ నాలుగడుగులు వెనక్కి వేశారు. పాము తలెత్తి అటూ ఇటూ చూసి, కంచె కిందుగా జారిపోయింది. నలభై ఫోన్లు దాన్ని సాగనంపాయి.

"బ్రదర్, నేను మళ్లీ పోటీలో ఉన్నా" అన్నాడు షాలేం రాజు.

దేవకుమార్ గుండె పట్టుకున్నాడు. "అయ్యో... బీపీ..." అంటూ గడ్డిలో వెల్లకిలా పడి కళ్లు మూశాడు. నోరు కూడా కాస్త తెరిచాడు.

"నైన్ వన్ వన్‌కి కాల్ చేయండి!" అని ఎవరో అరిచారు.

జ్ఞానమ్మ చికెన్‌కి మసాలా పట్టించడం ఆపలేదు.

"ఆగండి. ముందు ఒకసారి బోర్లా తిప్పి చూడండి."

షాలేం రాజు తిప్పాడు. దేవకుమార్ టక్కున మళ్లీ వెల్లకిలా తిరిగాడు.