డ్యూటీకి వెళ్ళే చెయ్యి

నార మిల్లులో తెగిపోయిన సూరప్పడి కుడి చెయ్యి, మూడు వారాల సెలవు అయిపోగానే మళ్ళీ డ్యూటీలో చేరింది. సూరప్పడు మాత్రం గేటు బయటే ఉండిపోయాడు.

ఇందులో మిల్లు తప్పేమీ లేదు. పనిలో గాయపడ్డవాణ్ణి తీసెయ్యకూడదని రూలుంది. మిల్లు రూలు తప్పదు. చిక్కల్లా హాజరు యంత్రంతో వచ్చింది. అందులో నమోదైంది సూరప్పడి కుడి బొటనవేలు. అతను ఎడమ వేలు పెడితే ఎర్ర లైటు వెలిగింది. ఆస్పత్రివాళ్ళు గుడ్డలో చుట్టి ఇచ్చిన చెయ్యి సంచిలోంచి పాక్కుంటూ వచ్చి వేలు ఆనించింది. పచ్చ లైటు వెలిగింది.

టైమాఫీసు గుమాస్తా దక్షిణామూర్తి మంచివాడే. రూలు రెండుసార్లు చదివాడు.

"గాయపడింది చెయ్యి. దాని ఉద్యోగానికి ఢోకా లేదు. మిగతా నువ్వు గాయపడలేదు కదయ్యా!"

"మరి నానెవుర్ని బాబూ?"

"ఉద్యోగి తాలూకు మనిషివి. బయట బెంచీ ఉంది, కూర్చో."

తెగిన పోగులు ముడెయ్యాలంటే రెండు చేతులు కావాలి. కిందటేడు తెగిన ఎవరిదో ఎడమ చెయ్యి ఆ సెక్షన్లోనే ఉండడం కలిసొచ్చింది. రెండూ టీకి వెళ్ళవు, యూనియన్ ఊసెత్తవు. మేనేజరుకి ఇంతకన్నా ఏం కావాలి?

సూరప్పడి భార్య గౌరమ్మ రోజూ ఆ చేతికి కొబ్బరినూనె రాసి, కాయలు కాచిన చోట మెల్లగా నొక్కి, తన పాత చీర ముక్కలో చుట్టి ఇస్తుంది. సూరప్పడు మోసుకెళ్ళి, రెండింటి దాకా బెంచీ మీద కూర్చుని, మళ్ళీ మోసుకొస్తాడు. నిజం చెప్పొద్దూ, దాన్ని చూస్తే అతనికి కాస్త కుళ్ళుగా కూడా ఉండేది.

ఆరో నెలలో మిల్లు ఒక కాగితం తెచ్చింది. రాకపోకలతో ఉద్యోగి అలసిపోతున్నందున ఇకపై మిల్లు లోపలే ఉండవచ్చు. కుటుంబానికి ప్రవేశం లేదు. సంతకం ఉద్యోగే చెయ్యాలి. టైమాఫీసు బల్ల మీద చేతికి పెన్నిచ్చారు. వెంట వచ్చిన గౌరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఎల్తానంటే ఎల్లనీ, ఆపకు," అన్నాడు సూరప్పడు.

చెయ్యి పెన్ను పట్టుకుని కాగితం దాకా తీసుకెళ్ళింది. తర్వాత దాన్ని వదిలేసి, బల్ల మీద తడుముకుంటూ వచ్చి, సూరప్పడి మొండి మణికట్టును గట్టిగా పట్టుకుంది. దక్షిణామూర్తి కళ్ళు తుడుచుకుని, 'ఉద్యోగి అంగీకరించలేదు' అని రాసి తారీఖు వేశాడు.

ఆ మధ్యాహ్నం ఇంటికి రాగానే చెయ్యి చాప మీద వాలి నిద్రపోయింది. గౌరమ్మ గిన్నెలు కడగబోతే, పక్కన కూర్చుని ఎడమ చేత్తో విసనకర్ర విసురుతున్న సూరప్పడు ఆపాడు.

"ఒలే, సప్పుడు సెయ్యకు. రేపు ఆరింటికి దానికి డూటీ. మనింట్లో ఉజ్జోగం ఉన్నది దానికొక్కదానికే."