నూనె నిండుకున్న ఇల్లు

ఆ పూట అత్తగారి పథకం చిన్నదే. కొడుకు ఆఫీసు క్యారేజీలోకి బంగాళాదుంపలు వేయించాలి. దుంపలు తరిగి ఉన్నాయి, మూకుడు కడిగి ఉంది, పొయ్యి వెలుగుతోంది. నూనె డబ్బాని మూకుడు మీద బోర్లించి ఆమె చాలాసేపు నిలబడింది. డబ్బా అంచున ఒక బొట్టు తయారైంది. అది కిందికి చూసింది. దూకాలా వద్దా అని ఆలోచించుకుని అక్కడే ఆగిపోయింది.

"నూనె అయిపోయిందా అత్తయ్యా?" అంది కోడలు, పక్క గదిలో కుట్టు మిషను ఆపకుండానే.

"పొద్దున్నే ఆ మాటేమిటే? నిండుకుంది అను."

వంటింటి సరుకుల విషయంలో 'లేదు', 'అయిపోయింది' అన్న మాటలు ఆ ఇంట్లో నిషిద్ధం. అంటే నిజంగానే లేకుండా పోతాయని అత్తగారి నమ్మకం. అందుకని అక్కడ ఏది ఖాళీ అయినా నిండుకుంటుంది. ఈమధ్య పప్పు నిండుకుంది, పంచదార నిండుకుంది, బట్టల సబ్బు నిండుకుంది. ఇన్ని నిండుకున్నాక ఇల్లు ఖాళీగా ఉండటంలో ఆశ్చర్యం లేదు.

కొడుకు సరఫరాల ఆఫీసులో గుమస్తా. 'ఏ సరుకుకీ కొరత లేదు' అన్న ప్రకటన ఈమధ్యే ఆయన చేతులతోనే టైపయింది. టైపు చేసి, ఇంటికొచ్చి, ఉప్పు వేసి ఉడికించిన దుంపలు తిన్నాడు.

"పోనీ కొట్టుకెళ్లి రానా అమ్మా?" అన్నాడు భయంభయంగా.

"వెళ్లు. వెళ్లి అక్కడే ఉండిపో."

వీధి చివర కొట్టాయనకి వీధి పెట్టిన పేరు 'రేపురండి'. ఏమడిగినా ఆయన అదే అంటాడు. రేపటికి ధర పెరుగుతుంది కాబట్టి ఆయన తొందరపడడు. కొట్టు ముందు 'నూనె నిండుకుంది' అని పలక కూడా వేలాడదీశాడు. నిజానికి అందులో అబద్ధం లేదు. వెనక గదిలో నేల నుంచి కప్పు దాకా నిండుకునే ఉంది. మరీ బతిమాలిన వాళ్లకి అందులోంచి ఒక డబ్బా బయటికొచ్చేది, కొత్త ధరకి. దాంతోపాటు ఎన్నాళ్లుగానో అమ్ముడుపోని బూటు పాలిష్ ఒకటి అంటగట్టేవాడు. అత్తగారింట్లో బూట్లు తొడుక్కునేవాళ్లు ఎవరూ లేరు. అటక మీద పాలిష్ డబ్బాలు మాత్రం గోపురంలా లేచాయి.

నిన్న సాయంత్రం ఆయన, "ఇకనుంచి నూనెకి రెండు పాలిష్‌లండీ, పాలిష్ కూడా పెరిగింది" అన్నాడు. అత్తగారు ఖాళీ సంచీ దులిపి, వీధంతా వినేలా, "నీళ్లతో వండుకు తింటాను గానీ మళ్లీ నీ గడప తొక్కను. తొక్కితే నా చెవులు కోసి నీ తక్కెట్లో వెయ్యి!" అని వచ్చేసింది. చెవుల మీద పందెం వేశాక వెనక్కి తగ్గటం కుదరదు.

కొడుకు ఉడికించిన దుంపలు పట్టుకుని ఆఫీసుకి వెళ్లిన కాసేపటికి, మేడ మీద వాటాలో కొత్తగా దిగిన అమ్మాయి గిన్నె పట్టుకుని వచ్చింది. మంచి పిల్ల. తెలుగు బాగానే మాట్లాడుతుంది. కాకపోతే పుట్టింట్లో విన్న తెలుగు తప్ప వేరే తెలుగు ఎరగదు, ఆ పుట్టింట్లో ఎప్పుడూ ఏదీ నిండుకున్నట్టు లేదు.

"ఆంటీ, కొంచెం ఆయిల్ ఉందా?"

"అయ్యో తల్లీ, నిండుకుంది."

అమ్మాయి కళ్లు పెద్దవయ్యాయి. "నిండుకుందా! మరి పప్పు?"

"అదెప్పుడో నిండుకుంది. పప్పు, పంచదార, సబ్బులు... ఒకటేమిటి, అన్నీ నిండుకున్నాయి."

"అంకుల్ ఆ సప్లై ఆఫీసులోనే కదా చేసేది?"

"చేసి ఏం లాభం? వాడు ఆ సీట్లోకి వచ్చాకే ఇలా నిండుకోవడం మొదలైంది."

అమ్మాయి గిన్నె ముందుకు చాపింది. "అయితే ఒక్క గ్లాసు..."

"నిండుకుందంటుంటే మళ్లీ గ్లాసంటావేమిటమ్మా?"

అమ్మాయి ఖాళీ గిన్నెతో మేడెక్కింది. మనసు చివుక్కుమంది. వీధివాళ్లంతా ఉన్న ఫోన్ గ్రూపులో ఇలా పెట్టింది: 'కింద ఆంటీ వాళ్లింట్లో ఆయిల్ ఫుల్. పప్పు, షుగర్, సోప్స్ కూడా ఫుల్. అంకుల్ ఆ సీట్లోకి వచ్చినప్పటి నుంచీ ఫుల్ అవుతున్నాయంట. ఆంటీయే చెప్పారు. కానీ గ్లాసు కూడా ఇవ్వరు.'

ముందుగా ఎదురింటావిడ వచ్చింది, కొంగు చాటున చెంబుతో.

"వదినా, నీ దగ్గర దాపరికమేమిటి. ఒక్క చెంబుడు పొయ్యి."

"నిండుకుంది వదినా."

"అబ్బ, ఎంత ముచ్చటగా చెప్పావొదినా! మొహంలో ఎక్కడా తెలియట్లేదు."

"ఏం తెలియట్లేదు?"

"అబద్ధం."

ఎదురింటావిడకి తెలుగు వచ్చు. కానీ ఫోను ఫుల్ అంది, వదిన నిండుకుంది అంది. ఈ రోజుల్లో వదినల కంటే ఫోన్లనే ఎక్కువ నమ్ముతున్నారు.

ఆమె వెనకే ట్యూషన్ మాస్టారు సీసాతో వచ్చాడు. ఆయన వెనక కుళాయి మేస్త్రీ ఏకంగా బకెట్ తెచ్చాడు. "బకెట్ ఎందుకయ్యా?" అని కోడలు అడిగితే, "అడిగేది ఎలాగూ అడుగుతున్నాం, చిన్నది పట్టుకురావడం దేనికమ్మా" అన్నాడు. కాసేపటికి వరస గేటు దాటింది. కొరత రోజుల్లో వరస కనిపిస్తే ముందు నిలబడాలి, దేనికని తర్వాత కనుక్కోవచ్చు. చివర్లో ఉన్నవాళ్లు గ్యాస్ బండ కోసమనుకుంటున్నారు.

కోడలు ఇక లాభం లేదని నూనె డబ్బా తెచ్చి అందరి ముందూ బోర్లించింది. "చూడండి బాబూ, కళ్లారా చూడండి!"

పొద్దున్నుంచీ తేల్చుకోలేకపోతున్న బొట్టు సరిగ్గా అప్పుడు దూకింది.

"అదిగో! కారబోస్తున్నారు! ఇవ్వాల్సి వస్తుందని నేలపాలు చేస్తున్నారు!" అని వెనక నుంచి ఎవరో కేకేశారు.

అత్తగారు గుమ్మానికి అడ్డంగా పీట వేసుకుని కూర్చుంది. "ఎవరొస్తారో రండి. నా వంటింటి డబ్బాలు తెరిచే మగాడు గానీ ఆడది గానీ ఈ వీధిలో ఉంటే చూస్తాను." దాంతో లోపల చాలానే ఉందని అందరికీ రూఢి అయిపోయింది.

ఇంతలో కొట్టు దగ్గర ఈగ కూడా లేకపోవడంతో రేపురండి స్వయంగా వచ్చాడు. ఆయన్ని చూడగానే అత్తగారి కళ్లు మెరిశాయి. "నేను నీ గడప తొక్కనన్నానని నువ్వే నా గడపకొచ్చావా?"

"అమ్మగారూ, మీ పాత కొట్టువాణ్ణి, నా దగ్గర దాచకండి. నూనె సంగతేమిటి?"

"నిండుకుంది."

ఆయన ముఖం పాలిపోయింది. ఆ మాటని ఇప్పుడు ఎలా వాడుతున్నారో ఆయనకి తెలిసినంతగా వీధిలో ఇంకెవరికీ తెలియదు. తనే పలక మీద రాసి పెట్టాడు.

"పూర్తిగానా?"

"పూర్తిగా."

"ఏ ధరకిస్తున్నారు?"

"నిండుకున్నదానికి ధరేమిటయ్యా, నీ మొహం!"

"ఊరికేనా!" అని గుండె పట్టుకుని ఆయన కొట్టు వైపు పరుగెత్తాడు. వీధంతా ఊరికే నూనె పట్టుకుపోతే తన వెనక గది సరుకంతా తలకి రాసుకోవాల్సిందే. కాసేపట్లో కొట్టు ముందు డబ్బాలు వరసగా తేలాయి. "పాత ధర! పాత ధరకే నూనె! పాలిష్ అక్కర్లేదు!" అని ఆయన అరుస్తున్నాడు. వరసలో సగం అటు కదిలింది. మిగతా సగం ఇక్కడ ఊరికే వస్తుందని పట్టుదలగా నిలబడింది.

ఫోన్ గ్రూపులో సంగతి అప్పటికే సరఫరాల ఆఫీసుకి చేరింది. ఆఫీసరు గుమస్తాని గదిలోకి పిలిచాడు.

"మీ ఇంట్లో సరుకులన్నీ నిండాయట. నిజమేనా?"

"అన్నీ నిండుకున్నాయి సార్," అన్నాడు గుమస్తా. తన కష్టం ఇన్నాళ్లకి పైవాళ్ల చెవిన పడిందని ఆయనకి ధైర్యం వచ్చింది.

"చెప్పడానికి సిగ్గులేదూ?"

"ఉంది సార్. అందుకే తమరితో చెప్పలేకపోయాను. కానీ ఇది నా ఒక్కడి సంగతేనా సార్, మన ఆఫీసులో ఇంచుమించు అందరిళ్లలోనూ ఇంతే."

ఆఫీసరు కుర్చీలోంచి లేచాడు. "నడవండి. మీ ఇల్లే ముందు చూస్తాను. నిజమైతే సాయంత్రానికి మీ కుర్చీ ఖాళీ."

కుర్చీ కూడా నిండుకోబోతోందని గుమస్తాకి దారిలో అర్థమైంది. ఎందుకో మాత్రం అర్థం కాలేదు.

ఆఫీసరు గుమ్మంలోకి రాగానే అత్తగారు పీట జరిపింది. "మీరు చూడండి బాబూ. బూట్లు విప్పి చూడండి."

ఆఫీసరు బూట్లు విప్పి, వంటింట్లో ఒక్కో డబ్బా తెరిచాడు. పప్పు డబ్బాలో పప్పు వాసన ఉంది. పంచదార డబ్బాలో ఒక చీమ, అదీ వెళ్లిపోయే తొందరలో ఉంది. చివరికి ఆశగా అటక వైపు చూసి, స్టూలెక్కి, చేతికందినవి కిందికి దించాడు.

"ఇవేమిటి?"

"బూటు పాలిష్. నూనెకి తోడు అంటగట్టినవి. మీ బూట్లకి ఒకటి తీసుకోండి బాబూ."

"లంచమా?"

"కాదు బాబూ, బూట్ల మురికికి." అత్తగారు నడుం మీద చేతులేసుకుంది. "కొరత లేదు, కొరత లేదు అని మా వాడి చేత పొద్దస్తమానం టైపు కొట్టిస్తారు. లేదు లేదు అంటూ కూర్చుంటే ఉన్నది కూడా లేకుండా పోదూ? వంటింట్లో ఉండే నేనే ఆ మాట అననే! మీకెందుకొచ్చిన తెగింపు?"

ఆఫీసరు స్టూలు దిగుతుండగా బయట నుంచి, "పాత ధర! అంతకన్నా తక్కువైనా సరే!" అన్న కేక వినిపించింది. ఆయన కిటికీలోంచి తొంగిచూశాడు. వీధి చివర డబ్బాల కోట. దాని పైన గాలికి ఊగుతున్న పలక.

"నిండుకుందని పలక పెట్టాడు. మరి ఇన్ని డబ్బాలెక్కడివి?"

"నిండుకుందంటే ఫుల్ అనే కదా సార్!" అంది మెట్ల మీద నిలబడ్డ మేడమీదమ్మాయి. ఆ పలకని సరిగ్గా చదివింది వీధి మొత్తంలో ఆమె ఒక్కతే.

ఆఫీసరు బూట్లు తొడుక్కోకుండానే వీధిలోకి నడిచాడు. సాయంత్రానికి వెనక గది ఖాళీ అయింది. సరుకంతా రోడ్డు మీదే, పాత ధరకే, వరస ప్రకారం అమ్మారు. గుమస్తా కుర్చీకి ఢోకా లేకుండా పోయింది. అత్తగారు మాత్రం పీట మీంచి లేవలేదు. ఆఫీసరు చెప్పాడని రేపురండి తనే ఒక డబ్బా మోసుకొచ్చి ఆమె గడప బయట దించాడు.

"అక్కడే ఉండు," అంది అత్తగారు. లోపలికి వెళ్లి పాలిష్ డబ్బాలన్నీ చేటలో తెచ్చి ఆయన చేతుల్లో పోసింది. "ఇవి తీసుకుని మా డబ్బులు రేపు తెచ్చియ్యి. రేపంటే రేపే."

మర్నాడు కొట్టు ముందు మళ్లీ అదే పలక వేలాడింది, ఈసారి నిజంగానే. అది చూసి వీధంతా గిన్నెలు పట్టుకుని వరసలో నిలబడింది.