ఇంటికొక విషాద ఆల్బమ్

పాఠకులారా! ఇంట్లో వాషింగ్ మెషీన్ ఉన్నా లేకపోయినా, ఒక ప్రోగ్రెసివ్ రాక్ బ్యాండు వారి విషాద ఆల్బమ్ మాత్రం ఉండి తీరాలి. సరదాకి అంటున్న మాట కాదు. డిగ్రీ చదివి, బాధ్యతగా ఇల్లు నడుపుతున్న మనిషిగా, బాగా ఆలోచించి అంటున్నాను.

ప్రోగ్రెసివ్ రాక్ అంటే తెలియనివారికి ఒక్క ముక్కలో చెబుతాను. మామూలు పాట మీరు కూరగాయలు తరిగేలోపు అయిపోతుంది. ఈ పాట మొదలయ్యాక మీరు కూరగాయలు తరిగి, వండి, తిని, గిన్నెలు తోముకుని వచ్చినా గాయకుడు ఇంకా నోరు విప్పడు. విప్పాడా, తననెవరూ పిలవలేదని కాసేపు మూలిగి, మిగతా బాధ గిటారుకి అప్పగించి వెళ్లిపోతాడు.

మా తమ్ముడు ఈ ఆల్బమ్ పెట్టిన కొత్తలో అందరం కంగారుపడ్డాం. మొదటి పాటలో కీబోర్డు మోతకి నాన్న లేచి వెళ్లి ఫ్రిజ్ వెనక చెవి పెట్టాడు. అమ్మ అయితే "ఎవరు పోయార్రా?" అని గుండె పట్టుకుంది. ఆల్బమ్ బొమ్మలో పొగమంచు మధ్య ఒక ఖాళీ కుర్చీ ఉంటుంది. నాన్న వడ్రంగి. ఫోన్ కళ్లకి ఆనించుకుని చూసి, "వెనక కాలు అతుకు సరిగ్గా లేదు. అందుకే ఎవరూ కూర్చోలేదు" అని తేల్చేశాడు.

కానీ మెల్లమెల్లగా దాని మహిమ బయటపడింది!

తమ్ముడు తలుపేసుకుని ఆల్బమ్ పెట్టగానే ఇల్లంతా మెత్తబడిపోతుంది. "పాపం, వాడి మనసులో ఏదో ఉందండీ" అంటుంది అమ్మ. తాగిన గ్లాసు ఉన్నచోటే వదిలేసే నాన్న, వాడికి టీ పట్టుకెళ్లి తలుపు దగ్గర నిలబడతాడు. నీళ్ల మోటారు వెయ్యమని వాణ్ని అడగరు. దుకాణానికి పంపరు. పరీక్ష ఏమైందిరా అనరు. గిటారు ఏడుస్తున్నంతసేపూ మిక్సీ కూడా ఆపేస్తారు. ఇంత గౌరవం ఏ ఉద్యోగంలో దొరుకుతుంది చెప్పండి?

హుషారు పాటలకి ఈ విలువ లేదు. నేను గిన్నెలు సర్దుతూ కూనిరాగం తీస్తే ఏమవుతుందో తెలుసా? "ఖాళీగా ఉన్నట్టున్నావు, ఆ కరెంటు బిల్లు సంగతి చూడవే" అంటారు! మా వంశంలో డిగ్రీ నాతోనే మొదలైంది కాబట్టి బిల్లులూ, బ్యాంకులూ, డాక్టరుతో మాట్లాడడాలూ కూడా నాతోనే మొదలయ్యాయి. అందులో తప్పేముంది? బాగున్న మనిషిని ఎలా ఉన్నావని ఎవరడుగుతారు? తిరుగుతున్న ఫ్యానుని అడుగుతామా?

ఈమధ్య ఆఫీసులో నాకు ప్రమోషన్ ఇస్తామన్నారు. పని వేరే ఊళ్లో, అక్కడే ఉండాలి. సోమవారంలోగా ఏ సంగతీ తేల్చి చెప్పాలి. వెళ్లాలని నాకు ప్రాణం లాగుతోంది. ఇంట్లో ఒక్కరు "వెళ్లు" అంటే చాలు. భోజనాల దగ్గర విషయం కదిపాను.

"మెల్లగా మాట్లాడవే," అంది అమ్మ. "లోపల వాడు నాలుగో పాటలో ఉన్నాడు."

"అది కాదమ్మా, సోమవారానికల్లా..."

"సోమవారం సంగతి సోమవారం చూద్దాంలే తల్లీ," అన్నాడు నాన్న. "ముందు వాడికి అన్నం తీసిపెట్టు."

చూశారా, ఇంటిల్లిపాదికీ సంగీతమంటే ఎంత భక్తో!

ఆదివారం సాయంత్రం అమ్మా నాన్నా కునుకు తీస్తుండగా తమ్ముడు చప్పుడు లేకుండా ఆటకి పోయాడు. పోతూ గది తలుపు మూసే పోయాడు. ఈ మందు నా మీద కూడా పనిచేస్తుందేమో పరీక్షించాలి కదా? వాడి స్పీకరు నా గదికి తెచ్చుకుని, తలుపేసుకుని, ఆల్బమ్ మొదటినుంచీ పెట్టాను.

అద్భుతంగా పనిచేసింది! రెండో పాట సగంలోనే అమ్మ అడుగుల చప్పుడు, ఆ వెనకే టీ గ్లాసు చప్పుడు. నేను కళ్లు తుడుచుకుని, ఏం చెప్పాలో మనసులో సర్దుకుని కూర్చున్నాను.

అడుగులు నా తలుపు దాటి పక్కగది ముందు ఆగాయి.

వాళ్ల తప్పు కాదు. మా రెండు గదుల మధ్య ఉన్నది నాన్న కొట్టిన ప్లైవుడ్ చెక్కే. పాట ఇటు మోగుతోందో అటు మోగుతోందో ఎవరికీ తెలియదు. పైగా ఈ ఇంట్లో దిగులు ఎవరిదని వెతుక్కునే పని ఎప్పుడు పడింది?

"ఏమైందిరా నాన్నా?" అని అమ్మ ఆ ఖాళీ గదిని బతిమాలుతోంది. "మాతో చెప్పుకోకూడదూ?"

గిటారు మూలిగింది.

"వీడికి ఎక్కడికైనా వెళ్లాలని ఉందే," అన్నాడు నాన్న. తలుపు ముందు కూలబడిన చప్పుడు వినిపించింది. "వెళ్లరా కన్నా. ఎంత దూరమైనా వెళ్లు. మా గురించి ఆలోచించకు. ఇల్లు మేం చూసుకుంటాం."

ఇంత చక్కని మాట ఈ ఇంట్లో నేనెన్నడూ వినలేదు. అది ఎవరికి చెప్పారని ఆరా తీస్తూ కూర్చునేంత తెలివితక్కువదాన్ని కాను. పెద్దల మాట కాదనే అలవాటూ నాకు లేదు. "వస్తున్నాను" అని ఆఫీసుకి మెసేజ్ పెట్టేశాను.

"అక్క చేత నీ బట్టలు సర్దిస్తాలేరా," అంటోంది అమ్మ అవతల. ఆ వెంటనే గొంతు పెంచి, "ఏమే, వింటున్నావా?" అంది.

"సర్దుతున్నానమ్మా!" అన్నాను.

అబద్ధం కాదు. సర్దుతూనే ఉన్నాను. కాకపోతే, నావి.