ప్రభుత్వ గుర్తింపు పొందిన సైతాను

"పక్క రాష్ట్రంలో ఇద్దరున్నారు. మనకి ఒక్కడైనా లేకపోతే రాజధాని పీటర్స్‌బర్గ్‌లో ఏం మొహం పెట్టుకు తిరగమంటారు?" అని విందులో అడిగి, ఆ లోటు నేటితో తీరిందని ప్రకటించారు మా గవర్నరు ఇప్పొలిట్ మెర్కూరియెవిచ్ గారు. మా రాష్ట్రానికీ సొంత సైతాను దొరికాడు. నల్ల అంగీ, పాలిపోయిన మొహం, లోకమంటే రోత, దేవుడితో వైరం. రాజధాని నవలల్లో ఆడవాళ్ళు పడి చచ్చే రకం.

ఆ మహాపురుషుడు రెవెన్యూ ఆఫీసులో నకళ్ళు రాసే గుమాస్తా యెవ్లంపీ. అంగీ చనిపోయిన మేనమామది. మొహం పాలిపోవడం క్యాబేజీ చారు చలవ. "స్వర్గమంటే మీకెందుకంత పగ?" అని ఆడవాళ్ళడిగితే "అడక్కండి" అనేవాడు. పాపం, తనకీ తెలీదు. ఎంత వెధవవేషం వేస్తున్నానురా అని లోపల్లోపల నవ్వుకునేవాడు కూడా. కానీ గవర్నరుగారి మేనకోడలు కపితొలీనా ఆ అంగీని చూసి ఒకసారి నిట్టూర్చింది. అంతే, ఇక ఆ వేషం విప్పలేకపోయాడు.

ఈస్టరుకి ప్రమోషనిస్తామన్నారు. అదొస్తే కపితొలీనాని పెళ్ళికి అడగొచ్చు. అంతలో హెడ్‌గుమాస్తా ఫైలు తిరగేసి ఆగాడు.

"పాపాలు ఒప్పుకున్నట్టు పాదిరిగారి చీటీ ఏదయ్యా? ఈ ఏడాదిది లేదే."

"నేను సైతానుని కదండీ."

"అయితే? సర్కారు నౌకరువి కాదూ? చీటీ లేందే ప్రమోషన్ లేదు."

చీటీ తెస్తే సైతాను కాడు, తేకపోతే ఆఫీసరు కాడు. ఎటు చూసినా కపితొలీనా దక్కదు. రెండ్రోజులు బుర్ర బద్దలుకొట్టుకుంటే దారి దొరికింది. 'వచ్చాడు, ఒప్పుకున్నాడు, పాపం ఘోరం గనక ఏడాదిపాటు చర్చి ప్రసాదం నిషేధం' అని రాయించుకుంటే రెండూ దక్కుతాయి!

చర్చిలో పాదిరి నికాంద్ర్ గారి ముందు మోకరిల్లాడు.

"తండ్రీ, ఒక అమాయకురాలి బతుకు నాశనం చేశాను."

"ఎవర్ని నాయనా? ఊళ్ళో ఆడపిల్లలంతా పాపాలు ఒప్పుకుని వెళ్ళారు. నీ ఊసు ఒక్కరూ ఎత్తలేదే?"

"ద్వంద్వయుద్ధంలో ఒకణ్ణి చంపాను."

"మరి పూడ్చిందెవరు? ఈ ఏడాది నేను పూడ్చిన పదకొండుమందీ దగ్గుతో పోయినవాళ్ళే."

"దేవుడితో వైరం పెట్టుకున్నాను!"

"ఆయనకి తెలుసా?"

యెవ్లంపీకి ఏడుపొచ్చేసింది. "ఉపవాసాల్లో వెన్నేసిన అట్లు తిన్నాను తండ్రీ. ఐదు."

"ఆఁ, అలా చెప్పు. అట్లకి నలభై సాష్టాంగాలు చాలు. కానీ ఒప్పుకోలులో మూడు అబద్ధాలా? ఇది మాత్రం ఘోరమే. ఏడాది నిషేధం."

యెవ్లంపీ ఆనందం పట్టలేక ఆయన చెయ్యి మూడుసార్లు ముద్దుపెట్టుకున్నాడు.

ఈస్టరు విందులో గవర్నరుగారు ఆ చీటీ అందరికీ చదివి వినిపించారు. ఆడవాళ్ళు ఆహా ఓహో అన్నారు. కపితొలీనా వచ్చి అతని చెయ్యి పట్టుకుంది. మూలనున్న రహస్య పోలీసు కర్నలు లేచాడు.

"ఏమిటా ఘోరం?"

"నేను చెప్పకూడదు బాబూ," అన్నారు పాదిరిగారు.

"అయితే రాజద్రోహమన్నమాట. మూడేళ్ళ ఖైదు, ఉత్తరసముద్రం మఠంలో."

యెవ్లంపీ ముందుకి దూకాడు. "అట్లండీ! ఐదట్లు! నేనే పాపమూ చెయ్యలేదు. చేశానని కోతలు కోశానంతే! అట్లు పోసిన మా అద్దింటావిణ్ణి అడగండి!"

"ఎంత వెటకారం!" అన్నాడు కర్నలు, రాసుకుంటూ.

"ఎంత గర్వం!" అంది కపితొలీనా. అంత ప్రేమగా ఆమె అతన్ని ఎన్నడూ చూడలేదు. అలా చూస్తుండగానే అతన్ని బండెక్కించారు.

మర్నాడు గవర్నరుగారు రెవెన్యూ ఆఫీసుకి స్వయంగా విచ్చేశారు.

"ఆ సైతాను ఖాళీలోకి ఎవరున్నారయ్యా?"

ఆరుగురు గుమాస్తాలూ తలలెత్తి, గబగబా బుగ్గలు గిల్లి ఎర్రజేసుకుని, చెవులదాకా నవ్వడం మొదలెట్టారు.