పదకొండో విల్లాలో అధికార విభజన

మంగళవారం ఉదయానికి కృష్ణప్రసాద్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. ఆరున్నరకు కారు తీయడం, ఏడుంబావుకు కూతురు అమ్మును బడి దగ్గర దింపడం, ఏడున్నరకు అమ్ము వేదిక ఎక్కడం. దోహాలో వాళ్ళుండే ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ పేట నుంచి బడికి అరగంట కూడా పట్టదు.

అమ్ము తొమ్మిదో తరగతి. ఇంట్లో గలగలా మాట్లాడే పిల్లకు వేదిక ఎక్కితే గొంతు పెగలదు. రెండేళ్ళ కిందట సగం ఉపన్యాసంలో ఆగిపోయి ఏడ్చుకుంటూ దిగి వచ్చింది. అప్పటి నుంచి చెయ్యెత్తింది లేదు. ఈసారి తనంతట తానే పేరిచ్చింది. రాజుల చేతిలోని అధికారం జనం చేతికి ఎలా వచ్చిందన్నది విషయం. ఆలస్యంగా వస్తే పేరు కొట్టేస్తామని బడివాళ్ళు ముందే చెప్పారు. ఈ అవకాశం పోతే పిల్ల మళ్ళీ నోరు తెరవదేమోనని కృష్ణప్రసాద్ భయం.

అమ్ము ఉపన్యాసానికి కావలసినవన్నీ తండ్రే చదివిపెట్టాడు. సుమారు మూడు వందల ఏళ్ళ కిందటి ఆ ఆలోచనాపరుల పేర్లు ఆయనకు నోరు తిరగక, ఒకరిని ఇంగ్లీషు డాక్టరుగారనీ మరొకరిని ఫ్రెంచి జడ్జిగారనీ అనేవాడు. పాలనకు ప్రజల సమ్మతే పునాది అన్నారు డాక్టరుగారు. చట్టం చేసే చెయ్యి, అమలు చేసే చెయ్యి, తీర్పు చెప్పే చెయ్యి ఒక్కరివే అయితే స్వేచ్ఛ మిగలదన్నారు జడ్జిగారు. పిల్ల ఇవి బట్టీపట్టి ఊరుకుంది. తండ్రి మాత్రం నమ్మాడు. వచ్చిన చిక్కంతా అదే.

వాళ్ళుండే పదకొండో విల్లాలో ఆరు కుటుంబాలు అద్దెకుంటున్నాయి. ముంగిట్లో కార్లు ఒకదాని వెనక ఒకటి పెట్టుకోవాలి. లోపలి కారు బయటికి రావాలంటే వెనకవన్నీ కదలాలి. అందుకని ఎవరు వచ్చినా బండి తాళం తెచ్చి కృష్ణప్రసాద్ భార్య అరుంధతి వంటింటి తలుపు పక్కన మేకుకు తగిలించి పోయేవారు. అవసరమైనప్పుడు ఆవిడే బండ్లు జరిపేది. తొమ్మిదేళ్ళుగా ఇదే పద్ధతి.

"ఇది నిరంకుశత్వం కాదూ?" అన్నాడు కృష్ణప్రసాద్ పోయిన శుక్రవారం మేడమీద టీ తాగుతూ. "రూలూ నీదే, తాళమూ నీదే, తీర్పూ నీదే!"

"అలాగేలెండి, తీసుకోండి," అంది అరుంధతి. అంత తేలిగ్గా సింహాసనం దిగిన రాణిని చరిత్రలో ఎవరూ చూసి ఉండరు. ఆ తేలికేమిటో అప్పుడే అనుమానించవలసింది.

కృష్ణప్రసాద్ కంపెనీలో డాక్యుమెంట్ కంట్రోలర్, కాగితాలకు నంబర్లేసి వాటి మార్పులు లెక్కపెట్టే ఉద్యోగం. రాత్రికి రాత్రే పదకొండు నిబంధనలతో శాసనపత్రం తయారైంది. పైన, ఇది మొదటి ప్రతి అన్నట్టు, 'రివిజన్ జీరో' అని కూడా వేశాడు. శాసనం చేసేది ఆరిళ్ళ సభ. తాళాలు ఉండేది గేటు పక్క గదిలో ఉంటూ విల్లా యజమాని ఇంట డ్రైవరుగా పనిచేసే నాగూర్ దగ్గర. తాళం ఇవ్వవచ్చని చీటీ రాసే న్యాయాధికారి కృష్ణప్రసాద్. నాగూర్‌తో సహా అందరూ సంతకాలు పెట్టారు.

ఇప్పుడు మంగళవారం, ఆరూ ముప్పై అయిదు. కృష్ణప్రసాద్ కారు గోడవైపు అన్నిటికన్నా లోపల ఉంది. దాని వెనక పోశన్న పికప్. దాని వెనక, గేటుకు అడ్డంగా, నర్సు భరణి కారు.

"నాగూర్, తాళాలియ్యి బాబూ, త్వరగా!"

"చీటీ ఏది సార్?" అన్నాడు నాగూర్. కడప మనిషి, మాటంటే మాటే.

"చీటీ రాసేవాణ్ణి నేనేగా!"

"అదే సార్ వచ్చిన చిక్కు. ఎవురి యవ్వారంలో వాళ్ళే తీర్పు చెప్పుకోకూడదని తొమ్మిదో దాంట్లో మీరే రాసినారు. అమ్ము మీ బిడ్డ గదా?"

ఆ నిబంధన రాసినప్పుడు కృష్ణప్రసాద్ ఎంతో గర్వపడ్డాడు. "అయితే వేరే న్యాయాధికారిని పెట్టుకుందాం."

"దానికి నాలుగిండ్లోళ్ళు చేతులెత్తల్ల సార్. మూడిండ్లోళ్ళు బస్సెక్కి డ్యూటీకి పోయినారు."

ఇంతలో పోశన్న పళ్ళు తోముకుంటూ బయటికి వచ్చాడు. జగిత్యాల మనిషి, శాసనపత్రం కింద మొట్టమొదట సంతకం పెట్టింది ఆయనే.

"పోశన్నా, నీ పికప్ తియ్యాలి!"

"తీస్కో అన్నా, నా సమ్మతి ఉన్నది," అన్నాడు పోశన్న ఉదారంగా. "కని భరణిది గూడ కావాలె గద. సమ్మతి లేకుండ ముట్టుకుంటే జులుం అన్నవ్ నువ్వే."

ఆసుపత్రి బస్సులో రాత్రి డ్యూటీకి వెళ్ళిన భరణి ఇంకా రాలేదు. ఫోను ఆపేసి ఉంది. టాక్సీ యాప్ పద్దెనిమిది నిమిషాలు చూపించింది, తరవాత ఇరవై రెండు.

"అత్యవసరమైతే ఏం చెయ్యాలని రాయలేదా నాన్నా?" అంది అమ్ము.

"అది రివిజన్ వన్‌లో పెడదామనుకున్నానమ్మా," అన్నాడు కృష్ణప్రసాద్. ఆ మాట ఆయనకే సిగ్గనిపించింది.

"అయ్యా నాగూర్, తప్పయితే నాదే. ఇచ్చెయ్యి!" అని బతిమాలాడు.

"ఈ దేశంలో కాగితం మీద సంతకం పెట్టినాంక తప్పించుకునేదుంటాదా సార్? నాకు పెండ్లాం బిడ్డలుండారు," అన్నాడు నాగూర్. ఆరూ యాభై. అమ్ము కాగితాలు సంచిలో పెట్టేసింది. "పోనీలే నాన్నా," అంది. ఆ రెండు మాటలకు కృష్ణప్రసాద్ గుండె చెరువైంది. స్వేచ్ఛ గురించి మాట్లాడవలసిన పిల్లను తానే కట్టిపడేశాడు.

అప్పుడు అరుంధతి పొయ్యి ఆపి, చేతులు తుడుచుకుంటూ మెట్లు దిగింది. భర్త వైపు చూడలేదు. శాసనపత్రం వైపు అంతకన్నా చూడలేదు.

"నాగూర్, ఏడున్నరకి పిల్ల మాట్లాడాలి. భరణికి నేను చెప్పుకుంటాను. తాళాలియ్యి నాయనా."

"తీసుకోండమ్మా!" అన్నాడు నాగూర్. మోసిన బరువు దించుకున్నట్టు ఊపిరి వదిలాడు. పోశన్న నోట్లో బ్రష్షుతోనే చప్పట్లు కొట్టాడు.

భరణి కారు వీధిలోకి వెళ్ళింది. పికప్ ఒక్క విసురులో వెనక్కి వచ్చింది. నాలుగు నిమిషాల్లో దారి ఖాళీ. కృష్ణప్రసాద్ ముందు తలుపు తీయబోతే, "మీరుండండి, దారిలో మళ్ళీ ఏ నిబంధనో గుర్తొస్తుంది," అని ఆవిడే పిల్లను ఎక్కించుకుని వెళ్ళిపోయింది.

ఎనిమిదింటి దాకా కృష్ణప్రసాద్ గేటు దగ్గరే నిలబడ్డాడు. నాగూర్ టీ తెచ్చిస్తే తాగినట్టు కూడా గుర్తులేదు. ఫోను మోగింది.

"మాట్లాడిందండీ," అంది అరుంధతి. "రాసింది పక్కన పడేసి ఇవాళ మన ముంగిట్లో జరిగిందంతా చెప్పింది. హాలంతా నవ్వులు. చివర్లో ఏమందో తెలుసా? అధికారాన్ని మూడు ముక్కలు చేయాల్సిందే, కానీ జనానికి దారి మూసేటట్టు కాదు అంది. ఎక్కడా ఆగలేదు."

కృష్ణప్రసాద్ అక్కడే అరుగు మీద కూలబడ్డాడు. కళ్ళు తుడుచుకున్నాడు, నవ్వాడు, పక్కనున్న నాగూర్‌ను కావలించుకున్నాడు. ఒంట్లోని బిగువంతా ఒక్కసారిగా దిగిపోయింది.

సాయంత్రం ఆరిళ్ళ సభ పూర్తి హాజరుతో కూడింది. భరణి కూడా నిద్ర లేచి వచ్చింది. తాళాలను తిరిగి అరుంధతికే అప్పగించాలని ఏకగ్రీవంగా తీర్మానించారు.

"ప్రజల సమ్మతి పూర్తిగా ఉందోయ్," అన్నాడు కృష్ణప్రసాద్ సంతోషంగా.

"నా సమ్మతి లేదండీ," అంది అరుంధతి. "తొమ్మిదేళ్ళుగా ఒకళ్ళు తెల్లారుజామున మూడున్నరకీ, ఇంకొకళ్ళు నాలుగుకీ తలుపు కొట్టేవాళ్ళు. ఈ నాలుగు రోజులూ కడుపునిండా నిద్రపోయాను. మీ శాసనంతో ఎవరికైనా స్వేచ్ఛ వచ్చిందంటే అది నాకే. దాన్ని మళ్ళీ మేకుకి తగిలించమంటారా?"

తొమ్మిదేళ్ళలో ఈ సంగతి ఆవిడను అడిగినవాళ్ళు లేరని అందరికీ ఒకేసారి తోచింది. ఎక్కువగా తోచింది కృష్ణప్రసాద్‌కే. చివరికి పోశన్నే, "వదినమ్మ చెప్పింది నిజమే. ఇంటికో వారం వంతులేస్కుందాం," అన్నాడు. అందరూ చేతులెత్తారు.

మొదటి వారం ఎవరిదన్నది మాత్రం, అందరూ కృష్ణప్రసాద్ వైపు చూడడంతో, ఓటింగు అవసరం లేకుండానే తేలిపోయింది.